బోరు లోతు, నీటిమట్టం ఊరి గోడ మీద ఎలా వెయ్యాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: రాయలసీమలో గట్టిరాయి నేలల ఊరు. బడి ప్రహరీ గోడ 30 అడుగుల పొడవు, 7 అడుగుల ఎత్తు. భూగర్భ జలాల మీద ఊరి కుర్రాళ్ళంతా కలిసి బొమ్మ వెయ్యాలనుకుంటున్నారు. నీటి చుక్క, దోసిలి, బీటలువారిన నేల అందరూ వేసేవే కాబట్టి, రైతు బండి ఆపి చూసేది ఏదైనా కావాలి. రంగులు ఎంత పడతాయి, ఏ నెలలో వెయ్యాలి అని కూడా అడిగారు.

ఆ గోడ మీద మీ ఊరి కొలత ఒకటి ఉండాలి, అది నెలనెలా మారాలి. మిగతా పనంతా ఈ రెండింటి కోసమే. "నీటిని పొదుపుగా వాడండి" అని రాస్తే ఎవరూ కాదనరు, ఎవరూ రెండోసారి చదవరు కూడా. "మన బోర్లలో నీళ్ళు పోయిన అక్టోబరులో 48 అడుగుల్లో ఉండేవి, ఈ అక్టోబరులో 71 అడుగుల్లో ఉన్నాయి" అని కనిపిస్తే, శనగ వెయ్యాలా వరి నాటాలా అని తేల్చుకోని రైతు తప్పకుండా ఆగుతాడు.

భూగర్భ జలం మీద లోకమంతా తిరిగిన ఫొటో ఒకటుంది. 1977లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, శాన్ వాకీన్ లోయలో తీసింది. ఒక కరెంటు స్తంభం, దాని పక్కన నిలబడ్డ జోసెఫ్ పోలండ్ అనే శాస్త్రవేత్త. స్తంభం మీద ఎక్కడో పైన 1925 అని ఒక పలక, దాని కింద 1955 అని ఇంకొకటి, నేల దగ్గర 1977 అని మరొకటి. బోర్లతో తోడిన తోడుకు అక్కడి నేల 52 ఏళ్ళలో దాదాపు 9 మీటర్లు కుంగింది. పైపలక ఉన్న చోటే ఒకప్పటి నేలమట్టం. అందులో అలంకారమేమీ లేదు, ఉన్నదల్లా మూడు అంకెలూ ఒక మనిషీ. అయితే ఆ బొమ్మను మీ గోడ మీదికి దించకండి. అక్కడ ఒండ్రు బంకమట్టి పొరలు కాబట్టి కుంగాయి. మన నల్లరాయి నేలలు కుంగవు, బోర్లు ఎండుతాయి అంతే. తీసుకోవలసింది వాళ్ళ పద్ధతి.

మన దగ్గరా ఇలాంటి పని జరిగింది. 2003లో మొదలై ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో నడిచిన ఏపీఫామ్‌జీఎస్ (రైతులే నడిపే భూగర్భ జల వ్యవస్థలు) ప్రాజెక్టులో రైతులే వానను, బోరు నీటిమట్టాన్ని కొలిచి ఊళ్ళో బోర్డుల మీద రాసేవారు. రబీకి ముందు కూర్చుని ఏ పైరుకు ఎన్ని నీళ్ళో లెక్క కట్టుకునేవారు. మీ చుట్టుపక్కల ఊళ్ళలో ఆ పనిలో తిరిగిన పెద్దలు ఇంకా ఉండవచ్చు. రంగు డబ్బా కొనేముందు వాళ్ళతో ఒక పూట మాట్లాడండి.

ముందు కొలత

మూడు నాలుగు బోర్లు ఎంచుకోండి. వీలైతే వాడకంలో లేని బోరు ఒకటి, వాడుతున్నవి రెండు మూడు. లోతులు ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. 40 అడుగుల పాత బావిని, 500 అడుగుల బోరును కలిపి సరాసరి తీస్తే వచ్చే అంకెకు అర్థం ఉండదు. లోతు బోర్లలో నీళ్ళు కింది పగుళ్ళలో నుంచి ఒత్తిడితో పైకి ఎగదన్ని నిలుస్తాయి, బావిలో మట్టం వేరు.

కొలిచే వేళ తెల్లవారుజాము, త్రీఫేజు కరెంటు రాకముందు. ఆ బోరు మాత్రమే కాదు, చుట్టుపక్కల మోటార్లు కూడా ఆగి కనీసం ఆరు గంటలు కావాలి. మోటారు నడుస్తుండగా కొలిస్తే 30, 40 అడుగులు తేడా వస్తుంది. ఒక నెల పొద్దున, ఒక నెల మధ్యాహ్నం కొలిస్తే మీ గోడ మీద వచ్చేది నీటిమట్టం కాదు, కరెంటు టైంటేబుల్.

పనిముట్టు 100 అడుగుల ఉక్కు టేపు చాలు, మట్టం దానికన్నా కిందికి పోతే ఇంకా పొడవుది తెచ్చుకోండి. టేపు సున్నా వైపు మొదటి పదడుగులకు నీలం సుద్దముక్క బాగా రుద్ది, కొసన చిన్న బరువు కట్టి, కేసింగ్ (బోరు నోటి దగ్గర దింపిన పైపు) అంచు నుంచి దించండి. ఒక నిండు అంకె దగ్గర, ఉదాహరణకు 80 అడుగుల గీత దగ్గర, అంచుకు ఆనించి పట్టుకోండి. పైకి తీస్తే సుద్ద ఎంతవరకు తడిసి నల్లబడిందో తెలుస్తుంది. తడి 6 అడుగుల 3 అంగుళాల వరకు ఉంటే, 80లో అది తీసేస్తే 73 అడుగుల 9 అంగుళాలు. కేసింగ్ నేలపైన అడుగున్నర ఉంటే అదీ తీసెయ్యండి: నేల నుంచి 72 అడుగుల 3 అంగుళాలు. రెండుసార్లు కొలవండి. రెండు కొలతలకూ అంగుళం కన్నా ఎక్కువ తేడా వస్తే టేపు ఎక్కడో పైపుకు ఆనుకుంది, మళ్ళీ దించాలి.

మోటారు ఉన్న బోరులో టేపు కేబులుకు చుట్టుకుని ఇరుక్కుంటుంది, ఇది చాలా తరచుగా జరిగేదే. మోటారు రిపేరుకు పైకి తీసిన రోజున, మళ్ళీ దించేటప్పుడు ముప్పావు అంగుళం పీవీసీ పైపు ఒకటి పక్కనే దించి కట్టించుకుంటే టేపు అందులో హాయిగా దిగుతుంది. పైపు కొస తెరిచే ఉండాలి, కింది రెండు మూడడుగులకు చిల్లులు పెట్టాలి. వాడని బోరు ఎంచుకుంటే కొలత అయ్యాక దాని మూత బిగించి తాళం వెయ్యండి. పిల్లలు తిరిగే చోట తెరిచిన బోరు ఒక్క గంట కూడా ఉండకూడదు.

గోడను మూడు ముక్కలు చెయ్యండి

కింద అడుగు మేర ఏమీ వెయ్యొద్దు. నేల చెమ్మ ఎక్కి ఉప్పు పూసి, మొదటి వానాకాలానికే అక్కడ రంగు పొలుసులుగా లేస్తుంది. మిగిలిన 6 అడుగుల్లో నేలపైన కనిపించేదానికి 10 అంగుళాలు, కింద అంచుకు 2 అంగుళాలు పోగా, భూమి లోపలికి సరిగ్గా 60 అంగుళాలు వస్తాయి.

ఎడమ పక్క 12 అడుగుల్లో నేల కోత బొమ్మ. ఒక అంగుళానికి 10 అడుగులు అనుకుంటే 60 అంగుళాల్లో 600 అడుగులు పడతాయి. ఇక్కడ కొలత తప్పకండి. తాటిచెట్టు 6 అంగుళాలు, ఇల్లు అంగుళం, మనిషి అర అంగుళం. పాత బావి 4 అంగుళాలు. 2 అడుగుల ఎత్తున ఆవును, దాని కింద వేలెడు బోరును వేస్తే బొమ్మ అందంగానే ఉంటుంది, లోతు మాత్రం ఎవరికీ తెలియదు. మీ ఊళ్ళో బోర్లు వేసిన ఏళ్ళు, లోతులు అడిగి తెలుసుకుని ఎడమ నుంచి కుడికి వరసగా గీయండి. ఊళ్ళో ఎవరినడిగినా చెప్తారు, ఫెయిలైన బోరు లోతు ఎవరూ మరిచిపోరు. ఫెయిలైన వాటిని బూడిదరంగులో వెయ్యండి. పేర్లు మాత్రం రాయొద్దు.

చిత్రకారులు దాదాపు అందరూ తప్పు చేసేది ఇక్కడే. భూమి కింద నీలం చెరువు వేస్తారు, లేదా పాయలుపాయలుగా పారే నది వేస్తారు. మన గ్రానైటు నేలల్లో రెండూ లేవు. పైన మట్టి, దాని కింద గరుసు, ఆ కింద మెత్తబడిన రాయి, ఇవన్నీ కలిపి చాలా ఊళ్ళలో 40 నుంచి 60 అడుగులు. నీటిని పట్టి ఉంచే పొర ప్రధానంగా ఇదే. దాని కింద గట్టిరాయి, అందులో అక్కడక్కడా సన్నటి పగుళ్ళు. మీ కొలతలో గరుసు పొర గోడ మీద 6 అంగుళాలకు మించదు. ఆ కింద 54 అంగుళాలు నల్లరాయి, అందులో పెన్సిలు గీతంత నీలం పగుళ్ళు నాలుగైదు. అంత నల్లరాయిని అలాగే వదిలెయ్యడానికి చిత్రకారుడికి చెయ్యి రాదు, ఏదో ఒకటి నింపాలనిపిస్తుంది. నింపనివ్వకండి. 600 అడుగుల బోరు ఎందుకు ఫెయిలవుతుందో ఆ ఖాళీయే చెప్తుంది.

ఆ 6 అంగుళాల గరుసునూ నీలంతో పూర్తిగా నింపకూడదు. గోధుమరంగు మీద నీలం చుక్కలు చల్లండి, నూటికి రెండు మూడు వంతులు మించకుండా. మెత్తబడిన గ్రానైటులో బయటికి తీయగల నీళ్ళు దాని పరిమాణంలో 1.5 నుంచి 3 శాతమే. బడి ప్రదర్శనల్లో అద్దాల తొట్టిలో కంకర పోసి నీళ్ళు నింపి "ఇదే భూగర్భ జలం" అని చూపిస్తుంటారు. కంకర సందుల్లో 30 శాతం దాకా నీళ్ళు పడతాయి. అది చూసిన పిల్లవాడు మన నేల కింద ఉన్నదానికన్నా పది రెట్లు ఉందనుకుంటాడు. ఆ తొట్టి పెట్టకపోవడమే మేలు.

మధ్యలో 8 అడుగులు నీటిమట్టం పట్టిక. ఎడమ బొమ్మ కొలతలో నెలకు 3 అడుగులు దిగినా గోడ మీద మూడో వంతు అంగుళమే, కంటికి ఆనదు. అందుకే ఇక్కడ వేరే కొలత: అంగుళానికి 2 అడుగులు. 60 అంగుళాల్లో 120 అడుగులు వస్తాయి. మీ బోర్లలో మే నెలలో మట్టం అంతకన్నా కింద ఉంటే అంగుళానికి 4 అడుగులు పెట్టుకోండి. పన్నెండు నెలలకు పన్నెండు నిలువు గడులు, ఒక్కోటి 7 అంగుళాల వెడల్పు. మిగిలిన అడుగులో అంకెలు. నెలలు జూన్‌తో మొదలై మేతో ముగియాలి, ఎందుకంటే నీటి సంవత్సరం వానతోనే మొదలవుతుంది.

సున్నా పైన ఉండాలి, అంకెలు కిందికి పెరగాలి. మట్టం పైన గోధుమరంగు, మట్టం కింద నీలం. మామూలు పటంలా కింద నుంచి కడ్డీలు లేపితే, లోతు పెరిగేకొద్దీ కడ్డీ ఎత్తవుతుంది, చూసేవాళ్ళు నీళ్ళు పెరిగాయనుకుంటారు. ఒక్కో గడిలో పోయిన ఏడాది అదే నెల మట్టానికి ఎర్రగీత ఒకటి గీయండి. మేతో నవంబరును పోలిస్తే ఏ ఊళ్ళోనైనా నీళ్ళు పెరిగినట్టే ఉంటాయి. మేతో మేను, నవంబరుతో నవంబరును చూడాలి. గడి పైన ఆ నెల వాన మిల్లీమీటర్లలో రాయండి.

కుడి పక్క 10 అడుగులు పైర్లకు. మిల్లీమీటర్లు, ఘనపు మీటర్లు గోడ మీద పనిచెయ్యవు. అందరికీ తెలిసిన 5,000 లీటర్ల ట్యాంకరే కొలమానం. ఒక ఎకరం మీద ఒక మిల్లీమీటరు నీరంటే 4,047 లీటర్లు. వరికి 1,200 మిల్లీమీటర్లు అనుకుంటే ఎకరానికి 48.6 లక్షల లీటర్లు, అంటే సుమారు 970 ట్యాంకర్లు. వేరుశనగకు 500 మిల్లీమీటర్ల చొప్పున 405. శనగకు 300 చొప్పున 243. పది ట్యాంకర్లకు ఒక ట్యాంకరు బొమ్మ వేస్తే వరికి 97, వేరుశనగకు 40, శనగకు 24. పాత ఎక్స్‌రే షీటు కత్తిరించి 4 అంగుళాల అచ్చు చేసుకోండి. వరుసకు పది చొప్పున వరి ఒక్కటే పది వరుసలు తీసుకుంటుంది. బొమ్మ పక్కన "ఒక ఎకరం, ఒక పంట" అని మాత్రం రాయండి.

"మడిలో పెట్టిన నీళ్ళు మళ్ళీ కిందికే ఇంకుతాయి కదా" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. సరైన ప్రశ్నే, దానికి జవాబు మీ దగ్గర ఉండాలి. కేంద్ర భూగర్భ జల అంచనాలకు ఇదివరకు వాడిన 1997 నాటి ప్రమాణాల్లో, నీటిమట్టం 10 మీటర్లలోపు ఉంటే బోరు కింద వరికి పెట్టిన నీళ్ళలో 45 శాతం తిరిగి చేరుతుంది. 10 నుంచి 25 మీటర్ల మధ్య ఉంటే 35, అంతకన్నా కిందికి పోతే 20. ఆరుతడి పైర్లకు ఇవే 25, 15, 5 శాతాలు. అంటే మట్టం దిగేకొద్దీ తిరిగొచ్చేదీ తగ్గుతుంది.

ఈ లెక్కను మట్టంతో కలిపి చూపించే అంకె ఒకటి గోడ మధ్యలో పెద్దగా రాయండి. గరుసులో 2 శాతం నీరు అనుకుంటే, ఒక ఎకరం కింద మట్టం ఒక అడుగు దిగడమంటే సుమారు 5 ట్యాంకర్లు. ఒక ఎకరం వరి 970 ట్యాంకర్లు. అంటే ఆ ఒక్క ఎకరం దాదాపు 200 ఎకరాల కింద మట్టాన్ని అడుగు దించుతుంది. 20 శాతం తిరిగి ఇంకినా 150 ఎకరాలకు పైమాటే. పక్కవాడి బోరు ఎందుకు ఎండుతోందో అడిగేవాళ్ళకు ఇంతకన్నా సూటి జవాబు నాకు తెలియదు.

ఊరి మొత్తం లెక్క

ఇది గోడ మీద కాకుండా గ్రామసభలో చార్టు మీద వెయ్యండి, ఏటేటా మారుతుంది కాబట్టి. ఒక ఉదాహరణ: 1,200 ఎకరాల ఊరు, ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన. పడేది 267 కోట్ల లీటర్లు. బంక కలిసిన గరుసు నేలల్లో ఇంకేది 8 శాతం, అంటే 21 కోట్ల పైచిలుకు లీటర్లు, దగ్గరదగ్గర 42,700 ట్యాంకర్లు. 1,500 మంది జనానికి మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున ఏడాదికి 6,000 ట్యాంకర్లు ముందే పక్కన పెట్టాలి. మిగిలిన 36,700తో వరి అయితే 38 ఎకరాలు, వేరుశనగ అయితే 90, శనగ అయితే 150. పశువుల నీళ్ళు, వాగులోకి సహజంగా ఊరి పోయేవి, ఖరీఫ్‌లో తోడేసినవి ఇందులోంచి ఇంకా తగ్గించాలి. చెరువు, చెక్‌డ్యాం ఉంటే వాటినుంచి ఇంకేది కలపాలి. బంక తక్కువున్న నేలల్లో 11 శాతం తీసుకోవచ్చు, పగుళ్ళు లేని బండరాయి అయితే 1 శాతమే.

ఈ సభ అక్టోబరులో జరగాలి. రబీ విత్తనం, ఎరువు కొన్నాక ఎంత మంచి బొమ్మ చూపించినా ఎవరూ పైరు మార్చరు. మార్చి 22న నీటి దినోత్సవం పేరుతో వేసే బొమ్మల్లో చాలావాటికి ఫలితం లేకపోవడానికి కారణం తేదీయే. అప్పటికి పైరు కోతకొచ్చి ఉంటుంది.

అదే అక్టోబరులో వీధి ముగ్గు ఒకటి వేయించండి. దీనికి దాదాపు ఖర్చే లేదు, నా ఉద్దేశంలో గోడకన్నా ఇదే బలమైనది. ఊళ్ళో అందరికన్నా లోతైన బోరును సిమెంటు రోడ్డు మీద పడుకోబెట్టినట్టు అసలు కొలతతో ముగ్గుపిండి గీతలుగా వెయ్యండి. రచ్చబండ దగ్గర నేలమట్టం, అక్కడి నుంచి 600 అడుగులు. ప్రతి పదడుగులకూ అడ్డగీత, 40 దగ్గర పాత బావి అడుగు, 60 దగ్గర గరుసు ముగిసిన చోటు, ఈనాటి నీటిమట్టం దగ్గర నీలం పద్మం. మిగిలిన దూరమంతా ఒట్టి రెండు గీతలే. నడిచేసరికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ముగ్గు వేసే ఆడవాళ్ళకే ఈ పని అప్పగించండి. దూరాలు మాత్రం టేపుతో మీరు ముందే గుర్తుపెట్టి ఇవ్వండి. ఊరి లోపలి రోడ్డు మీదే వెయ్యాలి, బస్సులు తిరిగే రోడ్డు వద్దు. నూనె రంగులూ వద్దు, వానకు బండ్లు జారుతాయి.

రంగు పని

కొత్త గచ్చు అయితే 28 రోజులు ఆగాలి. పాత సున్నం, డిస్టెంపరు ఉంటే వైరు బ్రష్షుతో పూర్తిగా గీకెయ్యాలి. వాటిమీద ఎమల్షన్ వేస్తే ఏడాది తిరక్కుండా పొరంతా ఊడొస్తుంది. గోడ కడిగి రెండు రోజులు ఆరనిచ్చి, బీటలకు వైట్ సిమెంటు పుట్టీ పెట్టి, బయటిగోడల ప్రైమరు ఒక కోటు, ఆ మీద తెల్ల ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ రెండు కోట్లు. 210 చదరపు అడుగులకు ప్రైమరు 3 లీటర్లు, తెలుపు 4 లీటర్లు పట్టవచ్చు, గోడ పీల్చుకునేదాన్ని బట్టి కొంచెం అటూఇటూ. బొమ్మకు గోధుమరంగు, నల్లబూడిద, నీలం ఒక్కో లీటరు, ఎరుపు, పసుపు పావు లీటరు చొప్పున. ముదురు నీలాన్ని తెలుపులో స్టెయినరు (చిన్న సీసాల్లో అమ్మే చిక్కటి రంగు) కలిపి తయారుచెయ్యకండి. స్టెయినరు మోతాదు మించితే రంగు సరిగా ఆరదు, ఎండకు వెలిసిపోతుంది. షాపులోనే ముదురు షేడు కలిపించుకోండి. మధ్యాహ్నం ఎండలో కాలుతున్న గోడ మీద వెయ్యొద్దు, బ్రష్షు గీతలు నిలిచిపోతాయి.

ఏప్రిల్, మే నెలల్లో గోడ పూర్తిచేసి జూన్‌లో మొదటి గడి నింపండి. నెలనెలా కొలిచి రంగు వెయ్యడానికి ఇద్దరు మనుషులు, గంట పని. తేదీ ఖాయం చేసుకోండి, ఉదాహరణకు ప్రతినెలా 28. ఆ ఇద్దరి పేర్లు పట్టిక కిందే రాయండి. రెండు నెలలు గడులు ఖాళీగా ఉంటే ఆ గోడను ఇక ఎవరూ చూడరు. తొమ్మిదో తరగతి పిల్లలు నింపవచ్చు కానీ బోరు దగ్గర పెద్దవాళ్ళు ఉండి తీరాలి.

మొదలుపెట్టే ముందే గ్రామసభలో చెప్పి, కొలిచే బోర్ల యజమానుల ఒప్పుకోలు తీసుకోండి. "ఈ అంకెలు చూపించి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద మా బోర్లు ఆపిస్తారు" అన్న భయం చాలామందికి ఉంటుంది. బోర్లకు పేర్లు కాకుండా ఒకటి, రెండు, మూడు అని అంకెలు వెయ్యండి. ఎవరు ఎన్ని ఎకరాలు వరి వేశారో గోడకెక్కించకండి, ఊరి మొత్తం ఎకరాలే రాయండి. పేర్లు ఎక్కితే ఆ రాత్రికే గోడ మీద సున్నం పడుతుంది.

మే నెలాఖరున పట్టిక నేరుగా ఫొటో తీసి, పన్నెండు అంకెలూ బడి రిజిస్టరులో రాసి, ఈ ఏటి మట్టాలను వచ్చే ఏటి ఎర్రగీతలుగా మార్చుకుని, ఆ గడుల వరకే తెల్లరంగు వెయ్యండి. దానికి ముప్పావు లీటరు చాలు.